ఉడుంపట్టు పట్టిన నట్టు: బ్రేకర్ బార్ ఎంత పొడవుండాలి, ఎంత లాగాలి

బిగుసుకుపోయిన నట్టు మీద బలం పెడితే ఏదో ఒకటి లొంగాల్సిందే. నట్టు కదలాలి. లేదంటే దాని మూలలు అరిగి గుండ్రమైపోవాలి, సాకెట్ చీలాలి, బార్ తల విరగాలి, లేదా బోల్టే మెడ దగ్గర తెగాలి. నట్టు కదలాలనే అందరూ లాగుతారు. కానీ చేతిలోని కడ్డీకి ఆ తేడా తెలియదు, వీటిలో ఏది బలహీనంగా ఉంటే అదే ముందు పోతుంది. బ్రేకర్ బార్‌తో చేసే పనంతా ఆ బలహీనమైన చోటు నట్టు పట్టే అయ్యేలా చూసుకోవడం.

వస్తువు మాత్రం సాదాసీదా. ఒక గట్టి కడ్డీ, ఒక చివర పిడి, రెండో చివర పిన్ను మీద అటూ ఇటూ వాలే తల, ఆ తలకు సాకెట్ తగిలించే చతురస్రపు కొన. అంతే. ఒకే దిశలో పట్టి తిప్పే రాట్చెట్‌లో ఉండే పళ్లూ స్ప్రింగూ ఇందులో ఉండవు. రాట్చెట్‌తో మొండి నట్టును లాగితే ఆ బలమంతా లోపలి రెండు మూడు చిన్న పళ్ల మీదే పడుతుంది. పన్ను జారిందంటే చేయి వెళ్లి మడ్‌గార్డ్‌కు కొట్టుకుంటుంది. బిగింపు ఎంతో కొలిచి చూపే టార్క్ రెంచ్‌తో విప్పడం ఇంకా ఖరీదైన పొరపాటు, దాని కొలత తప్పుతుంది. షాపుల్లో బ్రేకర్ బార్‌ను ఫ్లెక్స్ హ్యాండిల్, స్వివెల్ హ్యాండిల్, పవర్ బార్ అని కూడా అంటారు. ఏ పేరూ తగలకపోతే 'సాకెట్ వేసే పొడుగు రాడ్డు, తల మడిచేది' అంటే తీసిస్తారు.

పొడవు లెక్క

చిన్న కార్ల చక్రం నట్లను కంపెనీలు సాధారణంగా 85 నుంచి 120 న్యూటన్ మీటర్ల (మెలితిప్పే బలానికి కొలత) దాకా బిగించమంటాయి. 110 అనుకుందాం. కారుతో వచ్చే వీల్ పానా 25 సెంటీమీటర్లు ఉంటే ఆ 110 రావడానికి చివర 45 కిలోల బలం పెట్టాలి. 60 సెంటీమీటర్ల బార్ అయితే 19 కిలోలు చాలు. ఇక టైర్ షాపులో ఎయిర్ గన్‌తో కొట్టి వదిలిన నట్టు 250 దాకా బిగిసి ఉందనుకుంటే, చిన్న పానా మీద 100 కిలోలు దాటాలి, అంటే మామూలు మనిషి ఎక్కి నిలబడినా కదలదు. అదే 60 సెంటీమీటర్ల బార్‌కు 42 కిలోలు. రాత్రిపూట హైవే పక్కన స్టెప్నీ మార్చుకోలేక ఆగిపోయిన కార్లలో చాలావాటి కథ ఈ రెండు అంకెల్లోనే ఉంది.

పొడవు పెరిగినకొద్దీ పని తేలిక, నిజమే. అయితే బార్ కొనలోని చతురస్రానికి ఓ హద్దుంది. అర అంగుళం కొన ఉన్న బార్ సుమారు 500 న్యూటన్ మీటర్లు తట్టుకోవాలని అంతర్జాతీయ ప్రమాణం. ముప్పావు అంగుళానికి అది సుమారు 1400. ఒకటిన్నర రెట్లు లావుకి దాదాపు మూడు రెట్లు బలం ఎందుకంటే, మెలికను తట్టుకునే శక్తి మందానికి ఘనంగా పెరుగుతుంది. 60 సెంటీమీటర్ల అర అంగుళం బార్ చివర 85 కిలోలు పడితే ఆ 500 వచ్చేస్తుంది. దానికి ఓ జీఐ పైపు తొడిగి 120 సెంటీమీటర్లు చేస్తే 42 కిలోలకే వస్తుంది. అంటే పైపు తొడిగినవాడు తన బలాన్ని రెట్టింపు చేసుకున్నాడు గానీ, కొన బలం పిసరు కూడా పెరగలేదు. పైపు తప్పదనిపించిన చోట అసలు కావాల్సింది ముప్పావు అంగుళం బార్.

చిన్న బోల్టుల దగ్గర లెక్క తిరగబడుతుంది. తల మీద 8.8 అని బలం ముద్ర ఉన్న ఎం8 బోల్టు, అంటే 8 మిల్లీమీటర్ల లావుండి 13 మిల్లీమీటర్ల పానా పట్టేది, మెలిపెడితే సుమారు 33 న్యూటన్ మీటర్ల దగ్గర తెగడం మొదలవుతుంది. 60 సెంటీమీటర్ల బార్ మీద ఆ 33 రావడానికి ఐదున్నర కిలోల బలం చాలు. రెండు వేళ్లతో లాగినట్టు. చేతికి ఏమీ తెలియకముందే తల ఊడి సాకెట్‌లో ఉంటుంది. ఎం10 అయితే సుమారు 66, అంటే పదకొండు కిలోలు. అందుకే ఎం10 వరకు పొడవాటి బార్ వాడకపోవడమే మేలు. పావు మీటరు పిడి, 3/8 లేదా అర అంగుళం సాకెట్ చాలు. ఎం12, ఎం14 దాకా 45 నుంచి 60 సెంటీమీటర్లు. లారీ చక్రాల ఎం22 స్టడ్లకు (హబ్ నుంచి బయటికి పొడుచుకొచ్చే మర కడ్డీలు), వాటి 32 లేదా 33 నట్లకు, బిగింపే 550 నుంచి 700 మధ్య ఉంటుంది కాబట్టి ముప్పావు లేదా ఒక అంగుళం కొన, మీటరు పిడి.

రెండు రకాల మొండితనం

నట్టు బిగించేటప్పుడు పెట్టిన బలంలో దాదాపు సగం నట్టు ముఖం కింద రాపిడికి పోతుంది, 40 శాతం మరల మధ్య రాపిడికి పోతుంది, బోల్టును సాగదీసి పట్టు ఇచ్చేది మిగిలిన పదో వంతే. విప్పేటప్పుడు ఆ సాగిన బోల్టు మర ఏటవాలు వెంట మనకే సాయం చేస్తుంది. కాబట్టి శుభ్రంగా ఉన్న నట్టు, బిగించినదానికంటే కాస్త తక్కువ బలానికే వదలాలి. వదలడం లేదంటే రెండే కారణాలు. ఒకటి, ఎవరో అతిగా బిగించారు. రెండు, మరల మధ్య తుప్పు చేరింది.

మందు వేరు కాబట్టి ముందు ఏది అన్నది తేల్చుకోవాలి. నట్టు బయటికి కనిపించే మర మెరుస్తూ ఉండి, ఈ మధ్యే ఆ చక్రం విప్పి బిగించారంటే అది గన్ పని. దానికి నూనె అక్కర్లేదు, పొడవు కావాలి. నిదానంగా లాగితే వదులుతుంది. మర ఎర్రబారి, పొరలు లేచి, నట్టుకూ బోల్టుకూ మధ్య గీత కూడా కనిపించడం లేదంటే తుప్పు. ఇనుము తుప్పుగా మారితే మొదటి పరిమాణానికి కొన్ని రెట్లు ఉబ్బుతుంది, మరల మధ్య ఖాళీని నింపేసి చీలలా బిగుస్తుంది. ఉడుంపట్టు అంటే ఇదే. దీని మీద పొడవు పెంచితే బోల్టు తెగుతుంది తప్ప తుప్పు వదలదు. ఇక్కడ కావాల్సింది నూనె, సుత్తి దెబ్బలు, వేడి, ఓపిక.

మూడో రకం ఒకటుంది, గోదావరి జిల్లాల రొయ్యల చెరువుల దగ్గర ఎక్కువ. నీటికి గాలి అందించే ఏరేటర్లకు తుప్పు పట్టదని స్టెయిన్‌లెస్ స్టీలు నట్టు బోల్టు రెండూ వేస్తారు. ఆ రెండు స్టీళ్లు ఒరుసుకుంటే మరలే ఒకదానికొకటి అతుక్కుపోతాయి. విప్పుతున్నకొద్దీ ఇంకా బిగుస్తుంటే అదే. ఎంత నూనె పోసినా లాభం లేదు, కోసి కొత్తది వేయాలి. కొత్తది వేసేటప్పుడు మరకు యాంటీ సీజ్ (మరలు అతుక్కోకుండా ఉంచే పేస్టు) పూసి, గన్ వాడకుండా చేత్తో నెమ్మదిగా బిగించాలి.

చక్రం నట్టు విప్పడం

కారు నేల మీదే ఉండాలి. జాకీ ఎత్తాక లాగితే చక్రం తిరుగుతుంది, కారు జాకీ మీంచి జారొచ్చు. హ్యాండ్ బ్రేకు, మొదటి గేరు, ఎదురు చక్రానికి రాయి. తర్వాత సాకెట్. మారుతి కార్లలో ఎక్కువగా 19, హ్యుందాయ్, టయోటాల్లో 21. సాకెట్ ఆరు మూలలది కావాలి. పన్నెండు మూలల సాకెట్ నట్టు మూలల దగ్గరే పట్టుకుంటుంది, పక్కల మీద ఆనదు, మొండి నట్టు మూలలు ముందు దానికే పోతాయి. పలుచని స్టీలు టోపీ తొడిగిన నట్లలో టోపీ కింద తుప్పు చేరి ఉబ్బుతుంది, 19 ఎక్కదు, 21 జారుతుంది. అలాంటప్పుడు 19.5 సాకెట్ దొరుకుతుంది, అది తెచ్చి తట్టి ఎక్కించాలి. బురద, పెయింటు గీకేసి సాకెట్ చివరి దాకా దిగిందో లేదో చూడాలి. సగం మాత్రమే దిగిన సాకెట్ సగం మూలలనే పట్టుకుంటుంది.

ఎదురుగా నిలబడి చూస్తే బార్ ఎడమ పక్కకు, గడియారంలో తొమ్మిది గంటల ముల్లులా, పడుకునేలా పెట్టాలి. అప్పుడు కిందికి నొక్కితే అది విప్పే దిశ, శరీరం బరువు కూడా సాయపడుతుంది. తల పిన్ను మీద వాలుతుంది కదా అని బార్‌ను ఏటవాలుగా లాగితే బలంలో కొంత సాకెట్‌ను పక్కకు లాగడానికే పోతుంది, నట్టు మీంచి లేచిపోతుంది. లాగే దిశ బార్‌కు లంబంగా ఉండాలి. 45 డిగ్రీలు పక్కకు పోతే పెట్టిన బలంలో 30 శాతం వృథా. సాకెట్‌కు ఎక్స్‌టెన్షన్ వేయాల్సి వస్తే, దాని కింద చెక్క ముక్కో చిన్న జాకీయో ఆన్చి సాకెట్ వంగకుండా చూడాలి. ఈ చిన్న పని చేయనివాళ్లే ఎక్కువ, నట్లు గుండ్రమయ్యేది కూడా ఇక్కడే.

బార్ మీద ఎక్కి నిలబడటం రోడ్డు మీద రోజూ కనిపించేదే. 65 కిలోల మనిషి నెమ్మదిగా బరువు ఆన్చితే పడేది 65 కిలోలే. ఎగిరి దూకితే రెట్టింపు దాటుతుంది, ఎంత దాటుతుందో చెప్పలేం. స్టడ్లు తెగేది ఆ ఎగరడం దగ్గరే. ఇంకా ముఖ్యం, విప్పేటప్పుడు ఎక్కినవాళ్లు బిగించేటప్పుడూ ఎక్కుతారు. తర్వాతి పంక్చర్‌కు ఇంకొకరికి అదే మొండి నట్టు ఎదురవుతుంది. లారీల్లో ఈ గొలుసు ఏళ్ల తరబడి నడుస్తుంది, స్టడ్ సాగి సాగి ఓ రోజు రోడ్డు మీదే తెగుతుంది.

ఒక్కో నట్టును అర చుట్టు మాత్రమే వదులు చేసి, ఆ తర్వాతే జాకీ ఎత్తాలి.

చేతికి తెలిసేది

లాగేటప్పుడు మూడు రకాల కదలికలుంటాయి, వాటిని విడదీసి గుర్తుపట్టడమే ఈ పనిలో అసలు నైపుణ్యం. మొదటిది స్ప్రింగు కదలిక: బార్ కొంచెం వస్తుంది, వదిలితే వెనక్కి పోతుంది. ఏమీ వదల్లేదు, బారూ బోల్టూ మెలికపడి తిరిగి సర్దుకున్నాయి. ఇక్కడిదాకా ప్రమాదం లేదు. రెండోది 'టక్'మన్న శబ్దం, ఒక్కసారిగా తేలికవడం. నట్టు వదిలింది. మూడోది శబ్దం లేకుండా, బరువు తగ్గకుండా, పాకంలో గరిట తిప్పినట్టు మెత్తగా బార్ తిరగడం. చాలామంది దీన్నే 'వచ్చేస్తోంది' అనుకుని ఇంకా గట్టిగా లాగుతారు. ఆ క్షణంలో బోల్టు తెగుతోంది. వెంటనే ఆపి, లాగినంత దూరం వెనక్కి బిగించి, నూనెకీ వేడికీ మళ్లాలి.

అనుమానం తీర్చుకోవడానికి సుద్దముక్క చాలు. నట్టు ముఖం మీంచి బోల్టు కొన మీదుగా ఒక గీత గీయాలి. లాగాక నట్టు మీది గీత జరిగి, బోల్టు మీదిది అక్కడే ఉంటే నట్టు తిరిగింది. రెండూ కలిసి జరిగితే బోల్టు మెలితిరుగుతోంది, లేదా వెనక తల తిరిగిపోతోంది.

రోటవేటర్ బ్లేడ్లు: తుప్పుతో పోరు

వరి పొలాల్లో తిరిగే రోటవేటర్‌కు సైజును బట్టి 36 నుంచి 54 దాకా బ్లేడ్లు, ఒక్కో దానికి రెండు బోల్టులు. 42 బ్లేడ్లంటే 84 నట్లు, అన్నీ సీజన్ పొడవునా బురదలో నానినవే. బ్లేడ్లు మార్చే రోజున మెకానిక్ సహనానికి పరీక్ష.

ముందు ఇంజన్ ఆపి తాళం చెవి తీయాలి, ట్రాక్టరు నుంచి రోటవేటర్‌కు శక్తినిచ్చే పీటీఓ షాఫ్ట్ ఊడదీయాలి, యంత్రం కింద దుంగలు పెట్టాలి. హైడ్రాలిక్ లిఫ్ట్‌ను నమ్మి కింద దూరకూడదు. రోటర్ తిరగకుండా బ్లేడ్ల మధ్య మందమైన చెక్క అడ్డం పెట్టాలి. లేకపోతే బార్ లాగిన ప్రతిసారీ రోటరే తిరిగి వస్తుంది. నట్టుకు బార్ వేసినప్పుడు బోల్టు తలకు వెనక రింగు పానా పట్టాలి.

నీళ్లు కొట్టి బురద వదిలించాక, వైరు బ్రష్షుతో నట్టు బయట మిగిలిన మరను రుద్దాలి. నట్టు ప్రయాణం చేయాల్సింది ఆ మర మీదే కదా. అక్కడ తుప్పుంటే రెండు చుట్లు తిరిగి మళ్లీ బిగుసుకుంటుంది, ఈసారి ఇంకా గట్టిగా. సాయంత్రం నూనె వేసి, నట్టు ఆరు పక్కలా చిన్న సుత్తితో తట్టాలి. ఆ దెబ్బలకు తుప్పు పొర సన్నగా పగిలి, నూనె లోపలికి పాకడానికి దారి దొరుకుతుంది. పొద్దున్నే మళ్లీ ఒకసారి అంతే. డీజిల్, కిరోసిన్ కూడా పనిచేస్తాయి గానీ ఆలస్యంగా. ఆటోమేటిక్ గేరుబాక్సుల్లో పోసే ఏటీఎఫ్ నూనె, అసిటోన్ సగం సగం కలిపి వాడటం మెకానిక్కుల్లో ప్రసిద్ధం. అవి విడిపోతుంటాయి కాబట్టి వాడే ముందు కుదపాలి, మంట దగ్గరికి రానివ్వకూడదు. డబ్ల్యుడీ-40 అందరి చేతిలో ఉంటుంది. 1953లో అది పుట్టింది తేమను తరిమేయడానికి, పేరులోని మొదటి అక్షరాల అర్థమూ అదే. తేలికపాటి తుప్పుకు చాలుతుంది, ముదిరిన తుప్పుకు అసలైన పెనెట్రేటింగ్ ఆయిల్ నయం.

తర్వాత బార్. మొదటి లాగు బిగించే వైపు. ఇది విన్నవాళ్లకు వింతగా ఉంటుంది, కానీ వెంట్రుకవాసి కదిలినా తుప్పు పొర విరుగుతుంది. ఆ తర్వాత విప్పే వైపు పావు చుట్టు, ఒక చుక్క నూనె, వెనక్కి కొంచెం, మళ్లీ ముందుకు. పట్టూ విడుపూ లేకుండా ఒకే దిశలో లాగితే రాలిన తుప్పు పొడి మరల మధ్యే నలిగి ముద్ద కడుతుంది.

బ్లేడు బోల్టుల దగ్గర మాత్రం మరీ పట్టుదలకు పోనక్కర్లేదు. ఎలాగూ కొత్త బోల్టులే వేస్తారు, రెండు ప్రయత్నాలకు వదలని నట్టును గ్రైండర్‌తో కోసేయడమే తెలివి. గేరుబాక్సు కవరు బోల్టులు, హబ్ స్టడ్ల దగ్గర ఆ మాట చెల్లదు. అక్కడ తెగితే లేత్ షాపు దాకా పోవాలి.

వేడి, దాని హద్దులు

వేడి చేయాల్సింది నట్టును, బోల్టును కాదు. 12 మిల్లీమీటర్ల రంధ్రమున్న ఉక్కు నట్టు 200 డిగ్రీలు వేడెక్కితే రంధ్రం సుమారు 0.03 మిల్లీమీటర్లు పెరుగుతుంది. వినడానికి తక్కువే, తుప్పు పొర పగలడానికి అది చాలు. ఎర్రగా కాల్చనవసరం లేదు, కాలిస్తే బోల్టు గట్టిదనం పోతుంది. వేడి నట్టు మర దగ్గర కొవ్వొత్తి ఆన్చితే మైనం కరిగి లోపలికి పాకుతుంది, చల్లారుతుండగా బార్ వేయాలి.

గాలి ఉన్న టైరు చక్రం నట్లను మంటతో వేడి చేయనే కూడదు. లోపలి రబ్బరు వేడికి ఆవిరి వాయువులు వదిలి, అవి అంటుకుని టైరు బాంబులా పేలుతుంది. గాలి తీసేసినా ఆ ప్రమాదం పూర్తిగా పోదు, చక్రాన్ని విప్పి పక్కన పెట్టాకే హబ్ దగ్గర మంట. బ్రేక్ ఆయిల్ గొట్టాలు, సీళ్లు, గ్రీజు దగ్గరా అంతే. జింకు పూత ఉన్న బోల్టులను కాల్చితే వచ్చే తెల్లటి పొగ పీల్చకూడదు.

ఏ దిశ అన్నది

బలం పెట్టే ముందు అసలు ఎటు తిప్పాలో చూసుకోవాలి. కొన్ని పాత లారీల్లో ఎడమ వైపు చక్రాల స్టడ్లకు ఎడమ మర, స్టడ్ కొన మీద ఎల్ అక్షరం ఉంటుంది. సైకిలు ఎడమ పెడల్, బెంచ్ గ్రైండర్ ఎడమ వైపు నట్టు, టేబుల్ ఫ్యాను రెక్కల బిరడా, అసిటిలిన్ సిలిండర్ రెగ్యులేటర్ కూడా ఎడమ మరలే. వీటి మీద మామూలు దిశలో బార్ వేసి లాగితే విప్పుతున్నామనుకుంటూ బిగిస్తూ పోతారు.

కొనేటప్పుడు

తల, కొన ఒకే ముక్కా, పిన్ను ఎంత లావు, ఆడిస్తే ఎంత వదులుగా ఉంది, అన్నవి చూడాలి. విరిగేది దాదాపు ఎప్పుడూ పిన్ను దగ్గరే. కడ్డీ మీద క్రోమ్ వెనేడియం అని కొట్టి ఉండటం సాక్ష్యం కాదు, నాసిరకం మీదా అదే ముద్ర ఉంటుంది. తల విడిగా మార్చుకునే వీలుంటే మేలు. సాకెట్లు మాత్రం నల్లటి ఇంపాక్ట్ రకం తీసుకోవాలి, మెరిసే క్రోమ్ సాకెట్ల గోడలు పలుచన, మొండి నట్టు మీద చీలుతాయి. ఒక ఇంటికి 19, 21 సాకెట్లతో 60 సెంటీమీటర్ల అర అంగుళం బార్ సరిపోతుంది. పాత ట్రాక్టర్లున్నవాళ్లు అంగుళాల సాకెట్లు కూడా ఉంచుకోవాలి. ముప్పావు అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లు, 19తో సరిపోతుంది గానీ అర అంగుళం నట్టుకు 13 వేస్తే 0.3 మిల్లీమీటర్ల వదులు, మూలలు పోవడానికి అది చాలు.

తిరిగి బిగించేటప్పుడు మరను బ్రష్షుతో శుభ్రం చేసి, కంపెనీ చెప్పకపోతే చక్రం స్టడ్లకు నూనె పూయకుండా, టార్క్ రెంచ్‌తో చెప్పిన అంకె దగ్గర ఆపాలి. నూనె పూసిన మర అదే అంకెకు ఇంకా ఎక్కువ సాగుతుంది. 50 నుంచి 100 కిలోమీటర్లు నడిపాక మరోసారి చూడాలి.

ఇంత చేసినా బోల్టు తెగిందే అనుకుందాం. ముక్క పైకి రెండు మూడు మిల్లీమీటర్లు మిగిలి ఉంటే ఒక సైజు పెద్ద నట్టు దాని మీద పెట్టి, నట్టు రంధ్రంలోంచి వెల్డింగు నింపాలి. ఆ వేడికి తుప్పు పట్టు కూడా సడలుతుంది. ఎర్రదనం పోయి, చేతికి ఇంకా వేడి తగులుతుండగానే నెమ్మదిగా అటూ ఇటూ తిప్పాలి, అదీ 25 సెంటీమీటర్ల పిడితో.